పండుగ పిండివంటల వయస్సు

సంక్రాంతి సెలవుల తరువాత కళాశాల తెరచిన మొదటిరోజున ఒక విద్యార్థి నాకు అరిసెల పొట్లం తెచ్చి ఇచ్చి, "మా ఇంట్లో వెయ్యేండ్లనుండి వీటిని ఇదే విధంగా చేస్తున్నారండీ" అన్నాడు. అరిసెలు చాలా బాగున్నవి. ఒకటి తినవలసిన చోట మూడు తిన్నాను. కాని ఆ వెయ్యేండ్ల మాట మాత్రం నన్ను వదలలేదు. ఆ అరిసెలను వేయించినది వేరుసెనగ నూనెలో. ఆ పంట పుట్టిల్లు దక్షిణ అమెరికా. వాటిలోని బెల్లం సంకరజాతి చెరకునుండి వచ్చినది; అటువంటి చెరకు నూటపదేండ్ల క్రిందట తెలుగు పొలాలలో లేనేలేదు. మరి ఆ అరిసెలో వెయ్యేండ్లనాటిది ఏది?

పండుగవంటలు అనాదిగా మార్పు లేకుండా వస్తున్నవని మనం సులభంగా నమ్ముతాము. రాజుల కాలం నిర్ణయించడానికి శాసనం కావాలంటాము గాని, వంటకం కాలం నిర్ణయించడానికి అమ్మమ్మ మాట చాలునంటాము. నిజానికి వంటకానికి కూడా సాక్షులు కలరు. పాతదిబ్బలలో దొరికే మాడిన గింజ ఒక సాక్షి. కావ్యాలలోని భోజనవర్ణన మరొక సాక్షి. అన్నిటికంటె దగ్గరగా, మన నోటిలోనే ఉండి మనం పట్టించుకోని సాక్షి ఒకటి ఉన్నది. అది ఆ పదార్థం పేరు.

సంవత్సరాది నుండే ప్రారంభిద్దాము. ఉగాది పచ్చడిలో వేపపువ్వు, మామిడిపిందె, కొత్త చింతపండు, కొత్త బెల్లం, ఉప్పు, కారం కలుస్తాయి. ఇవన్నీ ఒకే గిన్నెలో ఉన్నా ఒకే ఊరివి కావు. వేప, మామిడి మన దేశపు చెట్లు. చింతచెట్టు ఆఫ్రికాలో పుట్టి, చరిత్రకు అందని కాలంలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడినది. ఎంతగా స్థిరపడినదంటే, అరబ్బులు దానిని 'హిందూదేశపు ఖర్జూరం' అనే అర్థంలో 'తమర్ హిందీ' అన్నారు. చెరకు మొదట సాగైనది న్యూగినీ ద్వీపంలో. ఇక కారం కొరకు కొందరు మిరియాలపొడి వేస్తారు. చాలమంది మిరపకాయ వేస్తారు. మిరపకాయ అమెరికా ఖండపు మొక్క. 1492లో కొలంబసు అక్కడికి చేరేవరకు మన వైపు ఎవరూ దానిని చూడలేదు. 1498లో వాస్కోడగామా కాలికట్టు చేరిన తరువాత, పోర్చుగీసు ఓడల వెంట 16వ శతాబ్దంలో మన తీరానికి వచ్చినది. కాబట్టి కాకతీయుల కాలపు గృహిణి ఉగాదినాడు ఏ పచ్చడి చేసినా, అందులో మిరపకాయ మాత్రం వేసి ఉండదు.

ఉగాది జరిగిన ఎనిమిది రోజులకు శ్రీరామనవమి వస్తుంది. ఆనాటి ప్రసాదాలు పానకం, వడపప్పు. ఒకటి బెల్లం కలిపి మిరియం, ఏలకి వేసిన నీరు. రెండవది నానబెట్టిన పెసరపప్పు. పొయ్యి వెలిగించే పని కూడా లేదు. పిల్లలు ఈ ప్రసాదాన్ని చిన్నచూపు చూస్తారు గాని, ఏడాది పొడుగునా మనం తినే పండుగవంటలలో దీనికి మించిన వంశవృక్షం దేనికీ ఉన్నట్లు తోచదు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు మొదలైన కొత్త రాతియుగపు స్థలాలలో, నేటికి సుమారు నాలుగువేల ఏండ్ల క్రిందటి మాడిన గింజలు దొరికినవి. వాటిలో ఉలవలతోపాటు పెసలు కూడా కలవు. అంటే ఈ దక్కను పీఠభూమిలో వరి ప్రధానమైన పంట కాకముందే పెసర ఉన్నది. పానకంలో మిరియం పోయి మిరపకాయ రాలేదు, మిరియమే నిలిచినది. ఎనిమిది రోజుల తేడాతో వచ్చే రెండు పండుగలలో ఒకటి కొత్తవారికి తలుపు తీసినది, రెండవది తీయలేదు.

కావ్యసాక్ష్యానికి వస్తే, నాకు ఎక్కువ ఇష్టమైనది 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన ఈ వీథినాటకం ఓరుగల్లు నగరాన్ని వర్ణిస్తుంది. అందులో ఇద్దరు స్నేహితులు ఊరంతా తిరుగుతారు. పూటకూటి ఇంటి ప్రసక్తి కూడా వస్తుంది. ఒక రూక ఇస్తే అక్కడ మేలురకపు బియ్యపు అన్నం, గోధుమపిండితో చేసిన వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరికేవట. హోటలు ధరలపట్టిక వలె ఉన్న ఈ పద్యం చరిత్రకారునికి బంగారం వంటిది. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు ఇటువంటి కావ్యాలే ముడిసరకు. ఇక్కడ మళ్ళీ పెసరపప్పే కనిపించడం గమనించండి. పంచదార గుప్పెడు అని కొలత చెప్పడం కూడా గమనించదగినదే. అది ఉన్నది గాని, కుమ్మరించుకొనే వస్తువు కాదు.

ఇక పేర్ల సాక్ష్యం. 'నూనె' అనే మాటను విడదీస్తే 'నూ' + 'నెయ్యి' అవుతుంది. నూ అంటే నువ్వు. అంటే మొదట నూనె అన్న మాటకు నువ్వుల నెయ్యి అనియే అర్థం. తరువాత కొబ్బరి నూనె, ఆముదపు నూనె, చివరికి దీపాలలో పోసే కిరసనాయిలు కూడా నూనెలే అయినవి. హరప్పా త్రవ్వకాలలో మాడిన నువ్వులముద్ద దొరికినది కనుక ఈ గింజ మన దేశంలో ఎంత పాతదో ఊహించవచ్చు. సంక్రాంతి అరిసెపైన అద్దే నువ్వులు, సకినాల పిండిలో వాముతోపాటు కలిపే నువ్వులు నేటికీ ఆ స్థానాన్ని విడువలేదు. బాణలిలో మాత్రం నువ్వులనూనె పదవి పోయినది. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో వేరుసెనగ సాగు విస్తరించి, రాయలసీమ మెట్టభూములకు ముఖ్యమైన పంట అయినది. ఆ నూనె చవక; వాసన తక్కువ; పిండివంటను వేయించే 170, 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి పొగచూరకుండా నిలుస్తుంది. ఇప్పుడు దాని స్థానంలోకి పొద్దుతిరుగుడు, పామాయిలు వచ్చినవి.

అయితే వేరుసెనగ అనే పేరును ఒకసారి చూడండి. వేరు దగ్గర కాసే సెనగ. మన పెద్దలు ఆ కొత్త గింజకు పరదేశపు పేరును అరువు తెచ్చుకోలేదు. తమకు తెలిసిన చుట్టం పేరు పెట్టినారు. ఇంకొన్ని చూడండి. జొన్న తెలుసు కనుక అమెరికానుండి వచ్చిన మరొక ధాన్యం మొక్కజొన్న అయినది. నేడు తెలంగాణలో బతుకమ్మకు చేసే సత్తుపిండిలో అది ఇంటి ధాన్యమే. జీడి తెలుసు, చాకలివారు బట్టలమీద గుర్తు పెట్టే నల్లరసం దానిదే. పోర్చుగీసువారు బ్రెజిలునుండి తెచ్చిన చెట్టు గింజపెంకులో అటువంటి పొక్కించే రసమే కనిపించినది, పండు మామిడిని తలపించినది కాబోలు. అది జీడిమామిడి అయినది. దాని పప్పు లేనిదే నేడు పొంగలి, పాయసం పండుగవంట అనిపించుకోవు.

వృక్షశాస్త్ర విద్యార్థి ఇక్కడ ఆగి ఆలోచించాలి. వేరుసెనగ, సెనగ రెండూ చిక్కుడు కుటుంబానివే. మొక్కజొన్న, జొన్న రెండూ గడ్డి కుటుంబానివే. నల్లజీడి, జీడిమామిడి, మామిడి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. మన శాస్త్రజ్ఞులు పుష్పభాగాలను పరిశీలించి చెప్పే మాటను సంతలో నిలబడిన రైతు ఒక్క పేరుతో చెప్పినాడు. ఇది పూర్తిగా యాదృచ్ఛికమని నేను అనుకోను.

మిరపకాయ దగ్గర మాత్రం ఈ పద్ధతి తప్పినట్లు కనిపిస్తుంది. మిరప అన్న పేరు మిరియానికి దగ్గర. కాని మిరియం తీగ వేరు, మిరప మొక్క వేరు. మిరప వంకాయకు, టమాటాకు చుట్టం. చాలకాలం దీనిని పొరపాటు పోలికగానే భావించేవారు. 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు మిరపలోని కాప్సైసిన్ మన నాడులలోని ఏ ప్రోటీనుకు తగులుతుందో కనిపెట్టినారు. ఆ ప్రోటీను ముఖ్యంగా వేడిని గుర్తించేది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడికి అదే స్పందిస్తుంది. 2021లో జూలియస్‌కు నోబెల్ బహుమతిలో భాగం లభించినది ఈ కృషికే. మిరియంలోని పైపరిన్ కూడా ఆ ప్రోటీనుకే తగులుతుంది, కాని బలం తక్కువ. అందుచేత కారం తీపి, పులుపుల వంటి రుచి కాదు; కాలుతున్నదని నాలుక చేసే ఫిర్యాదు. మిరియం తట్టిన తలుపునే మిరప ఇంకా గట్టిగా తట్టినది. మొక్కల కుటుంబం చూసి పెట్టిన పేరు కాకపోయినా, నాలుక సాక్ష్యం చూసి పెట్టిన పేరు తప్పు కాలేదు. ఉగాది పచ్చడిలో ఒకదాని స్థానంలో మరొకటి కూర్చొన్నా ఎవరికీ అభ్యంతరం కలగకపోవడానికి కారణం ఇదే కావచ్చును.

ఇక తీపి సంగతి. అలెగ్జాండరు నౌకాధిపతి నియార్కసు క్రీ. పూ. 4వ శతాబ్దంలో మన దేశంలో తేనెటీగలు లేకుండా తేనెనిచ్చే రెల్లు ఉన్నదని ఆశ్చర్యపడినాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని చెరకురసపు పాకాలు వేరువేరుగా చెప్పబడినవి. క్రీ. శ. 647లో చైనా చక్రవర్తి తైత్సుంగు ఈ విద్య నేర్చుకొనుటకు మగధకు మనుషులను పంపినాడు. శర్కర అనే మాటే దేశాలు తిరిగి పాశ్చాత్య భాషలలో చక్కెరకు పేరైనది.

కాని నేటి మన చెరకు నియార్కసు చూసిన చెరకు కాదు. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడినది. అక్కడ సి. ఏ. బార్బరు, టి. యస్. వెంకట్రామన్ చేసిన పని వింటే మన పల్లెటూరివారు నవ్వుతారు. లావుగా, రసంగా ఉండే చెరకును తీసుకొనిపోయి, చెరువుగట్లమీద పనికిమాలినదిగా పెరిగే రెల్లుగడ్డితో సంకరం చేసినారు. రెల్లులో తీపి లేదు. కాని తెగుళ్ళకు, నీటి ఎద్దడికి తట్టుకొనే శక్తి ఉన్నది. ఆ సంకరంనుండి వచ్చిన 'కో 205' రకం 1918లో రైతుల చేతికి వచ్చినది. ఆ మార్గంలో వచ్చిన రకాలే తరువాత దేశమంతటా వ్యాపించినవి. దసరానాడు గాలికి తలలూపే తెల్లని రెల్లుపూలు సంక్రాంతి అరిసెకు బంధువులని చెబితే మా విద్యార్థులు మొదట నమ్మలేదు.

1932లో దేశీయ పంచదార పరిశ్రమకు సుంకం ద్వారా రక్షణ ఇచ్చినారు. అప్పటికి 30 చుట్టూ ఉన్న మిల్లులు నాలుగైదు ఏండ్లలో 100 దాటినవి. 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. అది 2015లో మూతపడినది. ఓరుగల్లు పూటకూటి ఇంటిలో గుప్పెడుగా దొరికిన పంచదార ఈ మిల్లులతో మానికలకొద్దీ కొనగలిగిన వస్తువయినది. మన సున్నిఉండలు, కజ్జికాయలు చాల ఇండ్లలో బెల్లాన్ని వదలి పంచదారకు మారినవి. అరిసె మాత్రం మారలేదు. దీనికి కారణం భక్తి కాదు, రసాయనశాస్త్రం.

పంచదార దాదాపు శుద్ధమైన సుక్రోజు. దాని చిక్కని పాకం చల్లారితే అణువులు వరుసకట్టి స్ఫటికాలవుతాయి. వంటకం గట్టిపడి పొడిపొడి అవుతుంది. బెల్లంలో సుక్రోజుతోపాటు నూటికి 10, 15 పాళ్ళ వరకు గ్లూకోజు, ఫ్రక్టోజు ఉంటాయి. ఇవి సుక్రోజు అణువుల వరుసలో అడ్డుపడి స్ఫటికాలను కట్టనివ్వవు. అందువలననే బెల్లపు అరిసె వారం రోజులైనా మెత్తగా ఉంటుంది. అంత మెత్తగా ఉండికూడా బూజు పట్టదు. అందులో నీరు లేక కాదు. ఉన్న నీటిని చక్కెరలు పట్టి ఉంచుకొంటాయి, సూక్ష్మజీవులకు అందనివ్వవు. ఆస్ట్రేలియాలో డబ్ల్యు. జె. స్కాటు 1953లో ఈ విషయాన్ని కొలతలతో చూపినాడు. శుద్ధమైన నీటికి 1 అని లెక్క పెడితే, అందుబాటులోని నీరు 0.91కి తగ్గితే చాలా బాక్టీరియాలు, 0.80కి తగ్గితే చాలా బూజులు పెరగలేవు. వినాయకచవితి కుడుములు, ఉండ్రాళ్ళు ఆవిరిమీద ఉడికినవి. వాటిలో నీరు పుష్కలం, సాయంత్రానికే అయిపోవాలి. సంక్రాంతికి బంధువులు దూరప్రయాణం చేసి వస్తారు, తిరిగి వెళ్ళేటప్పుడు డబ్బాలు నింపుకొని పోతారు. భాద్రపదపు వానగాలిలో బెల్లపు వంటలు తేమ పీల్చి జిగటకడతాయి గనుక ఆ పండుగ ఆవిరివంటను ఎన్నుకొని ఉండవచ్చునని నా ఊహ. ఊహ మాత్రమే.

పుష్యమాసంలో అరిసె రావడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. సార్వా వరి కోత పూర్తయి కొత్తబియ్యం, గానుగలు తిరిగి కొత్తబెల్లం ఒకేసారి ఇంటికి వస్తాయి. ఇది హిందువుల ఇండ్లకే పరిమితమైన సంగతి కాదు; మా ప్రాంతపు క్రైస్తవుల ఇండ్లలో క్రిస్మసుకు కూడా అరిసెలు వండుతారు. హైదరాబాదులో రంజాను పండుగ ఉదయాన చేసే షీర్ ఖుర్మా పేరులో పాలు, ఖర్జూరం రెండూ పారశీక భాషలోనే ఉన్నవి. పేరే దాని చరిత్ర.

ఈ వంటలను వ్రాసిపెట్టుకొనే ప్రయత్నం చాలమంది చేసినారు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మా తాతమ్మ చేతివ్రాతలో ఒక కాగితం మా ఇంట్లో దొరికినది. 'బెల్లం సేరు' అని ఉన్నది. ఏ సేరు? మద్రాసు సేరు 24 తులాలు, అంటే సుమారు 280 గ్రాములు. 80 తులాల సేరు 933 గ్రాములు. ఆమె పుట్టిల్లు కోస్తాలో, అత్తిల్లు నిజాము రాజ్యంలో. 1958 అక్టోబరునుండి మెట్రిక్ తూనికలు ప్రవేశపెట్టిన తరువాత ఆ సేర్లన్నీ పోయినవి. ఆమె కూడ లేదు. మూడు రెట్లకు పైగా తేడా ఉన్న ఆ ఒక్క మాటవలన ఆ కాగితం అంతా చదవలేని శాసనం అయిపోయినది. 'పాకం వచ్చినాక దించవలెను' అని చివర వ్రాసి ఉన్నది. పాకం ఎప్పుడు వచ్చినట్లో వ్రాయలేదు. ఆమెకు వ్రాయవలసిన అవసరం తోచలేదు.

ఈ బాధతోనే నిరుడు సంక్రాంతికి 360 డిగ్రీలవరకు చూపే ప్రయోగశాల ఉష్ణమాపకం ఒకటి ఇంటికి తీసుకొనివెళ్ళినాను. పుస్తకాలలో మెత్తని ఉండపాకానికి 112 నుండి 116 డిగ్రీలని ఉన్నది. నీరు 100 డిగ్రీల వద్ద మరిగే సముద్రమట్టపు లెక్క అది. హైదరాబాదు ఎత్తులో సుమారు రెండు డిగ్రీలు తగ్గించాలి. మా అమ్మ ఉష్ణమాపకం వైపు చూడకుండా, పళ్ళెంలోని చన్నీళ్ళలో పాకం చుక్కవేసి, వ్రేళ్ళతో ఉండచేసి, "ఆ, దించరా" అన్నది. నేను చూస్తే 114. రెండవ వాయికి కూడ 114. నాకు ఎంత సంతోషం కలిగినదో చెప్పలేను. తాతమ్మ కాగితం మీద ఆ అంకె వేసినాను.

మూడవ వాయికి ఇంట్లోని బెల్లం చాలక వీధి చివరి అంగడినుండి మరొక బెల్లం తెప్పించినాము. 114 రాగానే "అమ్మా, దించు" అన్నాను. ఆమె చుక్కవేసి చూసింది. అది ఉండకట్టలేదు, నీటిలో పరచుకొన్నది. "నీ గాజుపుల్లకు బెల్లం మారిన సంగతి తెలిసినట్టు లేదురా" అన్నది. ఆమె దించేటప్పటికి 117.

కళాశాలకు తిరిగివచ్చి ఆలోచిస్తే కారణం తోచినది. ఫ్రాన్సులో రవూల్టు 1887లో చెప్పిన సూత్రం ప్రకారం ద్రావణం మరిగే ఉష్ణోగ్రత అందులో కరిగిన అణువుల సంఖ్యను బట్టి పెరుగుతుంది. ఇంత చిక్కని పాకానికి ఆ సూత్రం అంకెలు సరిగా అతకవు గాని, దారి అదే. సుక్రోజు అణుభారం 342, గ్లూకోజుది 180. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు ఎక్కువైతే అంతే బరువులో అణువులు ఎక్కువ. కాబట్టి నీరు ఇంకా మిగిలి ఉండగానే ఉష్ణమాపకం 114 చూపుతుంది. రెండవ బెల్లంలో అవి ఎక్కువ ఉండి ఉండాలి. అమ్మ వ్రేళ్ళు కొలిచినది వేడిని కాదు, మిగిలిన నీటిని. ఇప్పుడు తాతమ్మ కాగితం మీద 114 పక్కన 117 కూడా ఉన్నది. ప్రతి అంకెకు ఎదురుగా బెల్లం రంగు, కొన్న చోటు వ్రాసినాను. వచ్చే సంక్రాంతికి ఇంకా రెండు మూడు రకాల బెల్లం తెప్పిస్తానని అమ్మకు చెప్పినాను. అన్ని అరిసెలు తినేవారెవరని ఆమె అడిగినది.